ఎనిమిదో గడి

సోమవారం పొద్దున జెబెల్ అలీలో ఫ్యాక్టరీ గేటు ముందు వరసగా నిలబడ్డ వ్యాన్లలో పదమూడు లోపలికి పోయాయి, ఏడో నంబరు వెనక్కి వచ్చింది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. పొగ నల్లగా వచ్చిందా అంటే లేదు. ఇంజను దీపం వెలిగిందా అంటే అదీ లేదు. గేటు దగ్గరి ఇన్‌స్పెక్టరు స్టీరింగు కింది సాకెట్లో తన యంత్రం తగిలించి, తెర వంక చూసి, చీటీ మీద 'నాట్ రెడీ' అని రాసి డ్రైవరు త్రిమూర్తులు చేతిలో పెట్టాడు. శుక్రవారం పొద్దున ఏడున్నరకు మళ్లీ తీసుకురమ్మన్నాడు. అప్పటికీ కాకపోతే ఆ బండి ఫ్యాక్టరీ మనుషుల్ని ఎక్కించుకోవడానికి వీల్లేదు. కొత్త కాంట్రాక్టులో పొగ పరీక్ష షరతు అలా ఉంది.

చీటీ పదిన్నరకల్లా సజ్జాలోని వ్యాన్ల కంపెనీ యార్డుకు చేరింది. సూపర్‌వైజరు అయూబ్ దాన్ని తెచ్చి అమానుల్లా బల్ల మీద పెట్టాడు. అమానుల్లా ఆ యార్డుకు పెద్ద మెకానిక్కు. రాయచోటి లారీ షెడ్డులో సుత్తెతో పని నేర్చుకున్న మనిషికి యాభై దాటాక స్కానరు వంటబట్టింది. చుట్టుపక్కల నాలుగు యార్డుల వాళ్లు ఇంజను దీపం వెలిగితే ఆయన దగ్గరికే వస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలుసునన్న సంగతి ఆయన నడకలో కూడా కనిపిస్తుంది.

"ఏంది చాచా, కొత్త సెన్సరు ఏసినం, దీపం ఆరింది అంటివి. మరి గీ నాట్ రెడీ ఏంది?" అన్నాడు అయూబ్. అతనిది నిజామాబాద్.

"దీపం ఆరింది గదప్పా. లోపల తప్పు రాసుకున్నది తుడిచేస్తేనే దీపం ఆరతాది. తుడిస్తే ఆ ఒక్కటే పోదు, బండి చదువుకునిందంతా పోతాది. మళ్లా మొదట్నించీ చదవాల."

అమానుల్లా స్కానరు తెరను అతని వైపు తిప్పాడు. తెర మీద ఎనిమిది గళ్లు. మూడు పచ్చగా ఉన్నాయి, అయిదు ఖాళీ. బండి లోపలి కంప్యూటరు తన పొగను తానే పరీక్షించుకుంటుంది. పొగను శుభ్రం చేసే డబ్బా సరిగా ఉందా, ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి బయటికి పోతోందా అని ఒక్కొక్కటే చూసుకుని, ఒక్కో గడిని పచ్చ చేసుకుంటుంది. మూడు గళ్లు స్టార్టు చేయగానే వచ్చేస్తాయి. మిగతా అయిదూ బండిని ఒక పద్ధతిలో నడిపితే తప్ప రావు. బ్యాటరీ వైరు ఒక్కసారి ఊడితే చాలు, వచ్చినవన్నీ పోయి కథ మొదటికొస్తుంది.

"ఎన్ని రోజులు పడ్తది?"

"రెండు పొద్దులు తప్పదు. మూడైతే నిశ్చింత. రాత్రంతా చల్లారిన ఇంజను కావాల. ట్యాంకు సగమే ఉండాల. ముప్పై అయిదు డిగ్రీలు దాటిందంటే ఆ ఆవిరి పరీక్ష అది మొదలే పెట్టదు. ఈ సెప్టెంబర్లో ఆరు దాటితే మన చేతిలో ల్యా. తెల్లారకముందే కదలాల."

"కర్‌లో చాచా. గానీ శుక్రవారం ఫేలయితే ముదీర్ నన్ను తింటడు. నేనెవల్ని తినాల్నో నేను చూస్కుంట." ముదీర్ అంటే కంపెనీ మేనేజరు. అయూబ్ నవ్వుతూనే అన్నాడు. చూపు మాత్రం తలుపు దగ్గర నిలబడ్డ త్రిమూర్తులు మీద ఉంది.

అందుకు కారణం ఉంది. కొత్త కాంట్రాక్టు మొదలైతే పద్నాలుగు మంది డ్రైవర్లూ ఒకటో తారీఖు నుంచి కుటుంబాలు లేకుండా జెబెల్ అలీ క్యాంపులో ఉండాలి. త్రిమూర్తులు భార్య లావణ్య ఫిబ్రవరిలో అజ్మాన్ వచ్చింది. ఒక బడిలో ఆయాగా చేస్తోంది. చెక్కలతో అడ్డం కట్టిన పార్టిషన్ గదిలో ఇద్దరూ కాపురం పెట్టి ఏడు నెలలైనా నిండలేదు. పోయిన వారం క్యాంటీనులో అందరి ముందూ అతను, "నా బండి ఒక్కటీ ఫేలైపోతే బాగుణ్ణండి, ఎంచక్కా అజ్మాన్ రూట్లో ఉండిపోదును" అన్నాడు. అన్నవాడు మరిచిపోయాడు, విన్నవాళ్లు మరిచిపోలేదు.

మంగళవారం అయిదింటికి ఇద్దరూ బండెక్కారు. ఏసీ వేయకుండా రెండున్నర నిమిషాలు ఇంజను ఊరికే తిరగనివ్వాలి. ఆ రెండున్నర నిమిషాలకే త్రిమూర్తులు చొక్కా వీపుకు అంటుకుపోయింది. తర్వాత ఎమిరేట్స్ రోడ్డెక్కి, రద్దీ లేని ఉమ్ అల్ క్వైన్ వైపు తిప్పారు. తొంభై మీద పావుగంట సేపు ముల్లు కదలకూడదు.

"కాలి కింద కోడిగుడ్డు ఉందనుకో. నొక్కొద్దు, ఎత్తొద్దు."

"ఆయ్."

"ఇప్పుడు కాలు తీసెయ్. బ్రేకు ముట్టుకోవాకు. దాని పాటికి దాన్ని పోనీ."

బండి తొంభై నుంచి ఎనభైకి, డెబ్భైకి దిగుతూ పోయింది. వెనక నీళ్ల ట్యాంకరు వాడు హారను మోగించి, పక్కనించి పోతూ చెయ్యి ఊపి ఏదో అన్నాడు. అది ఏ భాషలో తిట్టో ఇద్దరికీ తెలియలేదు. త్రిమూర్తులు నవ్వాడు. నలభై దగ్గర మళ్లీ నెమ్మదిగా కాలు వేశాడు. అతని కాలు మెత్తన. ఇలాంటి పనికి అలాంటి కాలే కావాలని అమానుల్లా మనసులో మెచ్చుకున్నాడు, పైకి అనలేదు.

ఏడింటికి ఒక గడి పచ్చబడింది, దాని వెనకే ఇంకొకటి. త్రిమూర్తులు బండి పక్కకు ఆపి, పిల్లవాడి మార్కులు చూసే తండ్రి లాగా తెర మీదికి వంగాడు. లావణ్య కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా తీసి, మూతలో సగం పెట్టి, "మీ వంతండి భాయ్" అన్నాడు. తొమ్మిదిన్నరకు యార్డు చేరేసరికి ఖాళీ గళ్లు రెండే మిగిలాయి. ఆ రెండూ మర్నాడు చల్లటి ఇంజను మీద రావలసినవి.

మామూలుగా వ్యాన్లన్నీ గోడ అవతల ఇసకలో నిలుపుతారు. "బయట పెడితే ఎవడన్నా కెలుకుతాడు, దీన్ని నా షెడ్డులో పెడతా" అన్నాడు అమానుల్లా. సాయంత్రం రోజూ చేసే పనులన్నీ చేశాడు. పానాలు తుడిచి బల్ల మీద వరసగా పేర్చాడు, చక్రాలకు రాళ్లు పెట్టాడు, బానెట్ ఎత్తి మైనస్ వదులు చేసి గుడ్డ చుట్టాడు, దీపం ఆర్పి షట్టరు దించి తాళం వేశాడు. తర్వాత అజ్మాన్ వెళ్లే కంపెనీ బస్సెక్కి కూర్చుని కునుకు తీశాడు.

బుధవారం పొద్దున నూనె చూసి, నీళ్లు చూసి, బానెట్ మూసి, స్కానరు తగిలించాడు. అయిదు గళ్లూ ఖాళీ. తీసి మళ్లీ తగిలించాడు. అయిదూ ఖాళీయే. డాష్‌బోర్డు గడియారం వంక చూస్తే ఒంటిగంట చూపిస్తోంది. కరెంటు తెగి వస్తే అది ఒంటిగంటతో మొదలవుతుంది. అమానుల్లాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బ్యాటరీ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. మైనస్ బోల్టు అంచున పానా రాపిడి కొత్తగా మెరుస్తోంది.

అయూబ్ వచ్చాడు. వాచ్‌మన్ నూర్ మొహమ్మద్‌ని పిలిచి అడిగాడు. రాత్రి షెడ్డులోకి ఎవరూ రాలేదని, ఎనిమిదింటికి త్రిమూర్తులు ఒక్కడే వెనక రేకు తలుపు తోసుకుని పోయి తన అన్నం డబ్బా తెచ్చుకున్నాడని అతను హిందీలో చెప్పాడు. ఆ తలుపుకు గడియే తప్ప తాళం లేదు. బండి తాళాలు ఎప్పుడూ డ్రైవరు దగ్గరే ఉంటాయి.

"నేను డబ్బా కోసం వెళ్లానండి, అంతే. బానెట్ జోలికి పోలేదు" అన్నాడు త్రిమూర్తులు. ఎవరూ అడగకముందే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుగా అయింది అది.

అయూబ్ డాష్‌బోర్డు అర తెరిచి చెయ్యి పెట్టాడు. టైరు గాలి కొలిచే గేజు, దువ్వెన, దగ్గు మందు, పదో నంబరు పానా. బ్యాటరీ బోల్టుకు పట్టేది ఆ నంబరే. పానా పైకెత్తి చూపించాడు.

"అందరు డ్రైవర్ల దగ్గరా ఉంటదండి అది" అన్నాడు త్రిమూర్తులు.

"నువ్వు చెప్పు చాచా. నువ్వేమంటవ్?"

అమానుల్లా త్రిమూర్తులు వంక చూడలేదు. "నేనేమంటానప్పా. బ్యాటరీ వైరు దానంతట అది ఊడదు గదా."

అన్నది అంతే. ఆ ముక్క చాలింది.

ఆ రోజు కూడా ఇద్దరే వెళ్లారు. తొంభై మీద ముల్లు కదలలేదు. త్రిమూర్తులు కాలు నిన్నటికన్నా మెత్తగా పనిచేసింది. ఎడమ చేత్తో కళ్లు తుడుచుకున్నప్పుడు కూడా వేగం మారలేదు.

"భాయ్, మీరైనా నమ్మండి."

"రోడ్డు చూసి నడుపు."

అన్నం డబ్బా సీటు కిందే ఉండిపోయింది. అమానుల్లాకు నిజంగానే కోపంగా ఉంది. పనిని పాడు చేసినవాణ్ని ఆయన ఎన్నడూ క్షమించలేదు. తాగి వచ్చినవాడితో సర్దుకున్నాడు, పానాలు ఎత్తుకుపోయినవాడితో సర్దుకున్నాడు, చేసిన పనిని చెరిపేసేవాడితో మాత్రం ఆయనకు పడదు. సాయంత్రం బండిని మళ్లీ షెడ్డులో పెట్టించాడు. బండి తాళాలు తనే తీసుకున్నాడు. వెనక రేకు తలుపును ఇనప తీగతో నాలుగు చుట్లు బిగించాడు. ఇంక దయ్యం కూడా దూరలేదు అనుకుని, రోజువారీ పనులు ముగించుకుని షట్టరు దించాడు.

గురువారం పొద్దున మళ్లీ అయిదూ ఖాళీ. గడియారం మళ్లీ ఒంటిగంట.

తీగ చుట్లు చుట్టినట్టే ఉన్నాయి. తాళాలు తన జేబులోనే ఉన్నాయి. ఆ రెండూ చూసి కూడా అమానుల్లాకు ఆలోచన రాలేదు. వాడి దగ్గర మారు తాళం ఉంటుంది, తీగ విప్పి మళ్లీ చుట్టి ఉంటాడు అనుకున్నాడు. దొంగ ఎవరో ముందే తేల్చుకున్న మనిషికి సాక్ష్యాలన్నీ అటువైపే నడుచుకుంటూ పోతాయి.

అయూబ్ ఈసారి అరవలేదు. కాగితం టైపు చేయించి తెచ్చాడు. బ్యాటరీ వైరు తీసింది తనేనని, బుద్ధిపూర్వకంగా తీశానని త్రిమూర్తులు ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. సంతకం పెడితే, మళ్లీ ఈ దేశానికి రానివ్వని బ్యాను పడకుండా వీసా కాన్సిల్ చేయించి ఇంటికి పంపిస్తానన్నాడు, పెట్టకపోతే వ్యవహారం ముదీర్ చూసుకుంటాడన్నాడు. నిన్న అంత బతిమాలిన మనిషి ఈ రోజు ఒక్క మాట అనలేదు. కాగితం మొత్తం చదివి, పెన్ను అడిగి, తెలుగులో సంతకం పెట్టాడు. పెట్టి, అమానుల్లాకు సలాం చెప్పి, గేటు దాటి బస్‌స్టాపు వైపు నడిచాడు. చెయ్యనివాడు సంతకం ఎందుకు పెడతాడు? అమానుల్లాకు మనసు తేలికపడింది. ఆ తేలికదనం ఆయనకు హాయిగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

బండిని ఆ రోజు ఆయనే నడిపాడు. ఆయన కాలు లారీల కాలు, బరువు. పావుగంట స్థిరంగా రావడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. పదకొండింటికి మూడు గళ్లు వచ్చాయి. మిగిలిన రెండూ శుక్రవారం తెల్లవారి జెబెల్ అలీ దారిలో రావాలి. వస్తాయి, ఎవరూ ముట్టకపోతే.

సాయంత్రం అసర్ నమాజు చేసుకుని వచ్చి షెడ్డు సర్దాడు. పానాలు తుడిచాడు. చక్రాలకు రాళ్లు పెట్టాడు. బానెట్ ఎత్తాడు. ఎక్కడో ఎగ్జాస్టు ఫ్యాను గరగరలాడుతోంది, దానికి నూనె వేయాలి అనుకుంటున్నాడు. అలా అనుకుంటూ ఉండగా ఎడమచేతిలో గుడ్డ కనిపించింది.

ఈ గుడ్డ ఎందుకు తీసుకున్నాను అనుకున్నాడు. పాత బనీను ముక్క అది. మధ్యలో వైరు పట్టేంత మేర నల్లటి మడత పడి ఉంది. ఎన్నేళ్ల మడతో అది, చుట్టీ చుట్టీ గట్టిపడిపోయింది. అప్పుడు కుడిచెయ్యి చూసుకున్నాడు. పదో నంబరు పానా మైనస్ బోల్టు మీద కూర్చుని ఉంది. చెయ్యి తిప్పబోతోంది.

ఆయన కదలలేదు. చెయ్యి తనది కానట్టు, ఇంకెవరిదో అయినట్టు దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. షెడ్డులో పెట్టిన బండికి మైనస్ తీయకుండా ఇంటికి పోతే చెయ్యి నరుకుతానని రాయచోటిలో ఉస్తాద్ నేర్పిన పని అది. అప్పట్లో వైరు రాజుకుని ఒక లారీ షెడ్డుతో సహా తగలబడింది. నలభై ఏళ్లుగా సాయంత్రం తీయడం, పొద్దున నూనె చూస్తూ బిగించడం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినవాడు విడిచానని గుర్తు పెట్టుకుంటాడా? ఆయన షెడ్డులో రాత్రి ఉండేవి విప్పేసిన బండ్లు, వాటి గళ్లు ఎవరికీ పట్టవు. మంచి బండిని భద్రంగా తెచ్చి పెట్టింది ఈ మూడు రోజులే. తెచ్చి పెట్టిందీ తనే.

పానా తీసి బల్ల మీద పెట్టాడు. సిగ్గేసింది, భయమేసింది. ఈ రెంటిలో భయమే ఎక్కువ. ఈ నెలాఖరుకు వీసా రెన్యువల్ ఉంది. అరవైకి దగ్గర పడ్డవాణ్ని ఇంకా ఎందుకు పెట్టుకున్నారని ముదీర్ కిందటిసారే అడిగాడు. అప్పుడు, స్కానరు చూడ్డంలో ఈయనకు సాటి లేరు సార్ అని అయూబ్ వకాల్తా పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఏమంటాడు? ముందు బండి పాసు కానీ, ఆ తర్వాత త్రిమూర్తులు సంగతి నెమ్మదిగా ఒక మాట వేద్దాం, బండి పాసైతే అందరి కోపాలూ చల్లారతాయి అనుకున్నాడు. అలా అనుకుంటే కాసేపు బాగానే ఉంది. మైనస్ తీయకుండా బానెట్ మూశాడు. నలభై ఏళ్లలో మొదటిసారి.

*

శుక్రవారం అమానుల్లా బండి నడుపుతుంటే అయూబ్ పక్కన కూర్చుని స్కానరు ఒళ్లో పెట్టుకున్నాడు. దారిలోనే ఏడో గడి పచ్చబడింది. జెబెల్ అలీ ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా ఎనిమిదోదీ వచ్చింది. అయూబ్ తొడ మీద చరుచుకుని, "ఖలాస్" అన్నాడు. గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు తన యంత్రం తగిలించి, కాగితం ప్రింటు తీసి, ముద్ర వేసి ఇచ్చాడు. మొత్తం నాలుగు నిమిషాల పని.

తిరుగు ప్రయాణంలో అయూబ్ నడుపుతూ ముదీర్‌కి ఫోన్ చేశాడు. "హా సర్, పాస్. వో గయా, గాడీ రెడీ. ఔర్ క్యా సబూత్ చాహియే సర్." ఫోను పెట్టేసి అమానుల్లాతో అన్నాడు, "చూసినవా చాచా, ఆడు పోయిండు, బండి బాగైంది. ఇంకేం సాక్ష్యం గావాలె? ఈ పాస్ కాగితాన్ని ఆని సంతకం కాగితానికి పిన్ను కొట్టి ఇచ్చేస్త. సోమవారం పొద్దుగాల కాన్సిల్‌కు పోతది."

అమానుల్లా ఒళ్లో ఉన్న తెర మీద ఎనిమిది గళ్లూ పచ్చగా వెలుగుతున్నాయి. తన పని అంత నిండుగా కనిపించినప్పుడు ఆయన ఎప్పుడూ సంతోషించేవాడు. ఇప్పుడు అవి ఎనిమిది మంది సాక్షుల్లాగా కూర్చుని ఒకే అబద్ధం చెబుతున్నాయి. తను నోరు మూసుకుని బాగు చేసిన బండే త్రిమూర్తుల్ని దొంగను చేసింది. ఇంకొన్ని గంటల్లో జుమ్మా నమాజు. వరసలో నలుగురి పక్కన ఎట్లా నిలబడతాను అనుకున్నాడు.

"అయూబ్, ఆ వైరు తీసింది నేను."

"ఏంది?"

"మంగళవారం, బుధవారం. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు నా చేత్తో నేనే తీసినా. పొద్దున నేనే బిగించినా. నాకు తెలీకుండానే. నిన్న సాయంత్రం తీయబోతా ఉండి చూసుకున్నా. నిన్న తీయల్యా, అందుకే ఈ పొద్దు పాసైంది. వాడు పోయినందుకు కాదు."

అయూబ్ నవ్వబోయి, అమానుల్లా ముఖం చూసి మానేశాడు. బండిని పక్క లైనులోకి తెచ్చి వేగం తగ్గించాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. నువ్వు నీ అంతల నువ్వే పట్టిస్తున్నవ్" అన్నాడు చివరికి. "చాచా, ఇగ విను. ఈ ముచ్చట నువ్వు చెప్పలే, నేను వినలే. నీ రెన్యువల్ నా టేబుల్ మీద ఉన్నది. చాచాకు యాది తప్పుతున్నదని నేను రాసి పంపాల్నా?"

"రాయి. నేను గూడా రాసిస్తా."

"ఆడు ఒప్పుకున్నడు గదా. చెయ్యకుంటే ఎందుకు ఒప్పుకుంటడు? ఒక్క తప్పుకు ఇద్దరు దొంగలైతే నేను ఫైల్ల ఏం పెట్టాలె?"

"వాడు ఎందుకు పెట్టినాడో వాణ్ని అడుగుతా."

అమానుల్లా యార్డులో కూర్చుని, వచ్చీరాని ఇంగ్లీషులో అరపేజీ రాసి అయూబ్‌కి ఇచ్చాడు. అయూబ్ చదివి అరలో పెట్టాడు. "పొద్దుగూకి మగ్రిబ్ అయ్యే లోపట ఆణ్ని తీస్కరా. నేను చెయ్యలేదు అని నా ముందట నిలబడి చెప్తే ఆని కాగితం చింపుత. ఆని డ్యూటీ ఆనికి. నీ సంగతి మాత్రం ఇగ నా చేతుల లేదు, ముదీర్ చూస్కుంటడు."

జుమ్మా అయ్యాక అమానుల్లా అజ్మాన్‌లో ఆ ఇల్లు వెతుక్కుంటూ మూడో అంతస్తు ఎక్కాడు. తలుపు తీసింది లావణ్య. ముప్పై దాటిన మనిషి, సన్నగా ఉంది. ఆయన పేరు చెప్పగానే కంగారుగా కొంగు సర్దుకుంది.

"రండి భాయ్‌గారు, కూర్చోండి. ఆయన స్నానానికెళ్లేరండి. బాత్రూం కాడ లైనుంటాది, వచ్చేత్తారు."

గదంతా మంచమే. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. ఆమె మగవాడి చొక్కాలు మడతపెట్టి అందులో సర్దుతోంది. ఒక్కో చొక్కా మడిచి, అరచేత్తో రెండుసార్లు నిమిరి పెడుతోంది.

"మీకు కోపంగా ఉంటదండి. అంత కష్టపడి చేసిన పని పాడు చేసేరు. తప్పే" అంది తలెత్తకుండా. "కానండి, మా పెళ్లయి పదకొండేళ్లయింది. ఈయన పైకి ఓ మాట అనరు, ఓ ముచ్చట పడరు. నేనిక్కడికొత్తానంటే ఎందుకులే అన్నారు. నేనున్నా లేకపోయినా ఈ మనిషికి ఒకటేననుకున్నానండి. మొన్న రాత్రి ఇలాగ నా మీద పెట్టేరే అని చెప్పేరు. నన్ను ఇక్కడొదిలి వెళ్లలేక చేసేవా అనడిగాను. మాట్టాడలేదండి. తల దించుకున్నారు." ఆమె ముఖం ఎర్రబడింది. "ఉద్యోగం పోతే పోయింది. నేను పంపుతాను, పిల్లల్ని చూసుకుంటా ఇంటికాడుంటారు. నాకిది చాలండి."

అప్పుడే త్రిమూర్తులు తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆయన్ని చూశాడు, భార్య ముఖం చూశాడు, మళ్లీ ఆయన వంక చూశాడు. ఏమీ చెప్పొద్దని ఆ చూపు చేతులు జోడించినంత పని చేసింది.

"బయటికి రాప్పా, మాట్లాడాల" అన్నాడు అమానుల్లా.

మెట్ల మీద, వేడికి కాలిన గోడ పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. త్రిమూర్తులు మెట్టు మీద కూలబడ్డాడు.

"రోడ్డు చూసి నడుపు అన్నారండి నన్ను" అన్నాడు తర్వాత.

"అన్నా."

"అయూబ్ భాయ్ ఏవన్నా నాకంత బాధ లేదండి. మీరన్నదే."

అమానుల్లాకు క్షమించమని అడగాలని ఉంది. ఆ మాట చాలా చిన్నదిగా అనిపించి ఊరుకున్నాడు. "చేయని పనికి సంతకం ఎందుకు పెట్టినావు?"

"చేయలేదంటే ఎవరు నమ్మేరండి? బుధవారం రాత్రి మా ఆవిడ నాకేసి ఓ చూపు చూసింది. పదకొండేళ్లలో ఎప్పుడూ అలాగ చూళ్లేదు. కాదే, నాకంత తెలివీ లేదు, ధైర్యవూ లేదు అని చెప్దావనుకున్నాను. నోరు రాలేదండి. పొద్దుటేల అయూబ్ భాయ్ కాయితం పెట్టేసరికి, ఎలాగూ పోయేదే కదా, ఆవిడ దగ్గరైనా ఆ మాట నిలబడుద్దిలే అని పెట్టేశాను."

కింద వీధిలో ఎవరో గ్యాసు సిలిండరు దొర్లించుకుంటూ పోతున్నారు.

"ఇప్పుడేం చేస్తావు?"

"వచ్చి చెప్తానండి. డ్యూటీ కావాలి. జెబెల్ అలీ అయితే జెబెల్ అలీయే, వారానికోసారి వచ్చి పోతాను. ఇద్దరు పిల్లలు మా అత్తగారి కాడున్నారు. మా ఆవిడొక్కత్తీ ఎంతకని పంపుద్ది?" త్రిమూర్తులు లేచి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గదిలోకి నడిచాడు. అమానుల్లా వెనకే వెళ్లాడు.

లావణ్య టీ పెడుతోంది. త్రిమూర్తులు ఆమెకు కాస్త ఎడంగా నిలబడి, ఎప్పుడో అనుకుని పెట్టుకున్నట్టు గడగడా చెప్పేశాడు. "సూట్‌కేసు తీసెయ్యే. నేను చేసిన పని భాయ్‌గారు తన మీదేసుకున్నారు. తనే తీసేనని ఆఫీసులో కాయితం రాసిచ్చేరంట. నన్ను ఉంచేత్తారంట."

లావణ్య చేతిలో చెంచా ఆగిపోయింది. ఆమె భర్త వంక చూసింది, తర్వాత అమానుల్లా వంక చూసింది. కళ్లనిండా నీళ్లు నిండాయి.

"మరి మీ వీసా అండి?"

నిన్నటి నుంచి మోస్తున్న బరువు దించుకుందామని అమానుల్లా ఇంత దూరం వచ్చాడు. వీడు దాని మీద ఇంకో బరువు ఎత్తి పెట్టాడు. కోపం రాలేదు. కోప్పడే హక్కు తనకు లేదని తెలుసు. కానీ తను చేసిన తప్పును తను కాక ఇంకెవరో మంచితనంగా మార్చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"అది కాదమ్మా. నేను మీద వేసుకోవడం కాదు. వైరు నిజంగా తీసింది నేనే. నా చేత్తో నేనే తీసినా. నీ మొగునికి దాంతో ఏం సంబంధం ల్యా."

లావణ్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. త్రిమూర్తులు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తెలుసండి" అంది ఆమె, నవ్వుతూ. "మీరలాగే చెప్తారని తెలుసు."

"నిజమమ్మా. అల్లా మీద ప్రమాణం."

"వద్దండి, మాలాంటోళ్ల కోసం మీరు ఒట్లెయ్యకండి. పాపం చుట్టుకుంటాది" అని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందుకు చాచింది. ఆమె చేతులు అలాగే చాచి ఉన్నాయి. గ్లాసు వేడిగా ఉంది. అమానుల్లా అందుకున్నాడు.